ఎంప్టీ చెప్పే సాక్ష్యం: ఒక ఆర్మరర్ అనుభవ పాఠాలు

పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్ వర్క్‌షాపులో తుపాకులు విప్పుతూ, బిగిస్తూ ఉద్యోగం వెళ్లదీసి రిటైరయ్యాను. ఇప్పటికీ కుర్రాళ్లు ఫోన్‌కి ఫొటోలు పంపుతుంటారు. "సార్, ప్రైమర్ మీద గుర్తు తేడాగా ఉంది, పిస్టల్ పోయినట్టేనా?" అని కింద ఒక ప్రశ్న. ఫొటోలో ఉండేది ఇత్తడి కేసు అడుగు, మధ్యలో ఒక గుంట. అంత మాత్రానికే తీర్పు చెప్పేయమంటారు.

కాల్చాక బయటపడే ఖాళీ కేసుని మేం ఎంప్టీ అంటాం. దాని అడుగున నడిమధ్య, నాలుగున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న మెత్తటి లోహపు చిప్పే ప్రైమర్. ఫైరింగ్ పిన్ పొడిస్తే లోపలి మందు అంటుకుని, ఆ నిప్పు కేసులోని పౌడర్‌కు చేరుతుంది. 9 ఎంఎం తూటాకి యూరప్ ప్రమాణాలు ఒప్పుకునే గరిష్ఠ పీడనం 2,350 బార్. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి రెండు వేల రెట్ల పైమాట. ఆ తోపుడికి ప్రైమర్ వెనక్కి వచ్చి, కేసుకి వెనక గోడలా నిలిచే స్లైడ్ భాగానికి, అంటే బ్రీచ్ ఫేస్‌కి, అదుముకుంటుంది. లక్క మీద ఉంగరం నొక్కినట్టు అక్కడి గీతలూ, రంధ్రం అంచులూ, పిన్ మొన ఆకారమూ అన్నీ ప్రైమర్ మీద పడతాయి. అందుకే అది మంచి సాక్షి. అయితే సాక్షి చూపించిన ప్రతి గుర్తూ నేరం కాదు. ఆ తేడా తెలియడానికే కింది మాటలు.

1. ఒక్క ఎంప్టీ చూసి తీర్పు చెప్పకండి

రేంజ్‌లో ఎంప్టీలు ఏరి, లెక్కపెట్టి, బకెట్లో పోసేస్తారు. లెక్క సరిపోతుంది కానీ సాక్ష్యం మొత్తం కలగాపులగం అయిపోతుంది. పిస్టల్ మీద అనుమానం ఉంటే దాన్ని వేరుగా కాల్పించాలి. ప్లైవుడ్ ముక్కకి వరసగా కన్నాలు పెట్టుకుంటే చాలు, కాల్చిన క్రమంలోనే ఒక్కో ఎంప్టీ అందులో నిలబడుతుంది. ఇంకో చిన్న పని కూడా ఉంది. తూటా చాంబర్‌లోకి పంపే ముందు దాని అడుగున పైవైపుకి మార్కర్‌తో చుక్క పెట్టాలి. చుక్క లేకపోతే గుర్తు పైకి జరిగిందో కిందికి జరిగిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

అనుమానితులు ముగ్గురు: పిస్టల్, తూటా, కాల్చే చెయ్యి. వరసగా అన్ని ఎంప్టీల మీదా ఒకే తేడా కనిపిస్తే పిస్టల్‌ని పట్టుకోండి. ఒక పెట్టె తూటాలతోనే వస్తూ లాట్ మార్చగానే పోతే తూటాది తప్పు. ఒకే మనిషి చేతిలో వస్తూ ఇంకొకరి చేతిలో రాకపోతే, అక్కడ ఆడలేక మద్దెల ఓడు వ్యవహారం నడుస్తోందన్నమాట. చాలాసార్లు తిలా పాపం తలా పిడికెడు అని ముగ్గురికీ వాటా ఉంటుంది. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. స్ప్రింగూ తూటా పెట్టే రెండూ ఒకేసారి మార్చేసిన వాడికి రోగం కుదిరినా, ఎందుకు కుదిరిందో ఎప్పటికీ తెలియదు.

2. ఆ పిస్టల్‌కి ఏది మామూలో ముందు తెలుసుకోండి

మన దగ్గర చాలామంది పని నేర్చుకున్నది 9 ఎంఎం పిస్టల్ 1ఏ మీద. ఇది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. దీని మూలం బ్రౌనింగ్ హై పవర్. జాన్ బ్రౌనింగ్ 1926లో పోయాక బెల్జియంలో డ్యుడొనే సైవ్ ఆ డిజైన్ పూర్తి చేశాడు, 1935లో అది బయటికొచ్చింది. దాని పిన్ మొన గుండ్రం కాబట్టి ప్రైమర్ మీద గుంట కూడా గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది.

ఆ గుంటకు అలవాటుపడిన కళ్లు గ్లాక్ ఎంప్టీ చూడగానే బెదిరిపోతాయి. గుంట కోలగా ఉంటుంది. దాని చుట్టూ నలుచదరపు అంచు లేచి ఉంటుంది, ఆపైన ఒక గీత జారినట్టు కనిపిస్తుంది. ఇదంతా గ్లాక్‌కి పుట్టుమచ్చ. పిన్ మొనే అలా ఉంటుంది, పిన్ బయటికొచ్చే రంధ్రమే దీర్ఘచతురస్రం. కొత్త గ్లాక్ విప్పితే స్లైడ్ లోపల రాగిరంగు గ్రీజు కనిపిస్తుంది. కొందరు దాన్ని తుప్పనుకుని కిరసనాయిలు పెట్టి కడిగేస్తారు. అది కంపెనీ పూసి పంపిన గ్రీజు, దాని జోలికి వెళ్లకండి.

కార్బైన్ సంగతి ఇంకా వేరు. స్టెర్లింగ్ కుటుంబానికి చెందిన 1ఏ కార్బైన్‌లో పిన్ విడిగా కదలదు, బోల్టు ముఖం మీదే ఉంటుంది. బోల్టు వచ్చి తూటాని తోస్తూనే పొడుస్తుంది. రెండింటికీ 9 ఎంఎం తూటాలే కాబట్టి ఎంప్టీలు ఒకే చోట పడతాయి. కార్బైన్ ఎంప్టీ చేత్తో పట్టుకుని పిస్టల్ మీద రిపోర్టు రాసిన పెద్దమనుషులు ఉన్నారు.

3. టక్ మని ఆగితే ముందు ఓపిక పట్టండి

ట్రిగ్గర్ నొక్కితే టక్ మన్నది, తూటా పేలలేదు. వెంటనే స్లైడ్ లాగేయకండి. కొన్ని తూటాలు ఆలస్యంగా అంటుకుంటాయి. పిస్టల్ మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, ఆ తర్వాత ఖాళీ చేయండి. 'డాం' అనాల్సింది 'ఫట్' అని నీరసంగా మోగితే మాత్రం అక్కడితో ఆపేయండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాల్చినప్పుడు ఉబ్బిన బ్యారెల్‌ని చూశాను. వేలితో తడిమితే ఉంగరంలా తగులుతుంది. దానికి మరమ్మతు లేదు.

పేలని తూటాని వెలుతురులోకి తీసుకెళ్లి గుంట చూడండి. లోతుగా, మిగతా ఎంప్టీల్లాగే ఉంటే పిస్టల్ తన పని తాను చేసింది, ప్రైమరే చచ్చిపోయింది. గుంట పైపైన ఉంటే దెబ్బకు బలం చాలలేదు. ఎందుకు చాలలేదన్నదే అసలు ప్రశ్న.

నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికిన దొంగ నూనె. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే పిస్టల్‌ని నూనెలో ముంచి తీస్తారు. అది పిన్ కదిలే గొట్టంలోకి దిగుతుంది. ఇత్తడి పొట్టూ, మసీ, దుమ్మూ అందులో కలిసి నల్లటి జిగురవుతుంది. చిందీ, అంటే గుడ్డపీలిక, చుట్టిన పుల్ల లోపలికి పంపి తీస్తే చీపురుపుల్లకు తారు అంటినట్టు వస్తుంది. 1ఏ లాంటి పిస్టల్‌లో హ్యామర్ కొట్టాక పిన్ తన ఊపుతోనే ముందుకెళ్లి ప్రైమర్‌ని పొడవాలి. జిగురులో ఆ ఊపు చచ్చిపోతుంది. ఆ గొట్టం పొడిగా ఉండాలి. గ్లాక్ తయారీదారు కూడా అక్కడ నూనె వద్దనే చెబుతాడు.

రెండోది, స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవడం. చాంబర్‌లో మసి పేరుకున్నా, రికాయిల్ స్ప్రింగ్ అలసిపోయినా స్లైడ్ వెంట్రుకవాసి వెనకే ఆగుతుంది. హ్యామర్ బలంలో సగం స్లైడ్‌ని మూయడానికే ఖర్చవుతుంది. రెండోసారి కొడితే పేలుతుంది. ప్రైమర్ కేసులో పూర్తిగా కూర్చోకపోయినా ఇదే నాటకం: మొదటి దెబ్బ దాన్ని లోపలికి కూర్చోబెడుతుంది, రెండో దెబ్బ పేలుస్తుంది. ఈ రెండింటినీ విడదీయడం కష్టం కాదు. పెట్టెలో మిగిలిన తూటాల అడుగు మీద వేలు రాసి చూడండి. ప్రైమర్ పైకి తగిలితే తూటాది తప్పు, అన్నీ నున్నగా ఉంటే చాంబర్ కడగండి.

ఇవేవీ కాకపోతే హ్యామర్ స్ప్రింగ్ గానీ, మొన అరిగిన పిన్ గానీ అయ్యుంటుంది. దీనికి పాత పెన్సిల్ పరీక్ష ఉంది. పిస్టల్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, పక్కవాడికి కూడా చూపించాక, రబ్బరు ఉన్న పెన్సిల్‌ని రబ్బరు వైపు లోపలికి పోయేలా బ్యారెల్‌లో వేయాలి. మూతి పైకెత్తి ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయని పిస్టళ్లకు ఖాళీ మ్యాగజైన్ పెట్టాలి. బాగున్న పిస్టల్ పెన్సిల్‌ని బయటికి ఎగరేస్తుంది. మూతి దాకా వచ్చి మళ్లీ లోపలికి జారితే స్ప్రింగ్ మార్చే రోజు వచ్చింది. పక్కన బాగున్న పిస్టల్‌తో పోల్చి చూస్తేనే ఈ పరీక్షకు విలువ.

4. గుంట మధ్యలో లేదని కంగారుపడకండి

కొద్దిగా పక్కకు పడ్డ దెబ్బ చాలా పిస్టళ్లకు పుట్టుకతో వచ్చిందే. ఎప్పుడూ ఒకే చోట పడుతూ, ఎప్పుడూ పేలుతూ ఉంటే వదిలేయండి. తూటా తూటాకీ చోటు మారుతుంటే మాత్రం ఏదో వదులైంది. బ్యారెల్ వెనక భాగం ప్రతిసారీ ఒకే ఎత్తుకి లేచి తాళం పడటం లేదేమో చూడాలి. నిలువు గీత మీద తేడా ఉంటే బ్యారెల్ కింది క్యామ్ వైపు, అడ్డంగా ఉంటే ఎంప్టీని బయటికి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్ వైపు, పిన్ రంధ్రం వైపు చూడమని కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి. చుక్క పెట్టిన ఎంప్టీ లేకపోతే ఈ సలహా కూడా గాలిలో బాణమే.

5. జారిన గీత

గుంట నుంచి ఒక పక్కకు తోకలా గీత లాగి ఉండటాన్ని చూసి చాలామంది పిన్ విరిగిందనుకుంటారు. జరిగేది ఇది. పేలిన వెంటనే బ్యారెల్, స్లైడ్ రెండూ తాళం పడి ఉండగానే కొద్ది దూరం వెనక్కి వస్తాయి. తర్వాత బ్యారెల్ వెనక భాగం కిందికి దిగి స్లైడ్‌ని వదులుతుంది. ఆ దిగే క్షణానికి పిన్ మొన ఇంకా ప్రైమర్ గుంటలోనే ఉంటే, కేసు కిందికి పోతుంది, పిన్ స్లైడ్‌తో అక్కడే ఉంటుంది, గీత పడుతుంది. అందువల్ల ఆ తోక కేసు పైవైపుకి, అంటే మీరు పెట్టిన మార్కర్ చుక్క వైపుకి సాగుతుంది.

గ్లాక్‌లో ఇది రోజువారీ సంగతి. 1ఏలో నిన్నటిదాకా లేనిది ఇవాళ పొడుగ్గా కనిపిస్తే పిన్‌ని వెనక్కి లాగే చిన్న స్ప్రింగ్ చూడండి. అది అలసిపోయి గానీ, మసిలో ఇరుక్కుని గానీ ఉంటుంది. పిన్ మొన మీద కరుకు లేచిందేమో గోటితో రాసి చూడండి.

6. చదునైన ప్రైమర్, లేచిన అంచు, చిల్లు

ప్రైమర్ బల్లపరుపుగా అయిపోతే 'ఓవర్ ప్రెషర్' అని కేక వేసేవాళ్లున్నారు. రైఫిల్ దగ్గర ఆ మాటకు కొంత బలం ఉంది. పిస్టల్‌లో ప్రైమర్‌ని నమ్మి పీడనం చెప్పలేం. చిప్ప మెత్తనిదైతే మామూలు తూటాకే చదునవుతుంది, గట్టిదైతే ప్రమాదపు అంచు దాకా చెక్కుచెదరదు. పైగా చాంబర్‌లో తూటా వదులుగా కూర్చున్నా ఇదే జరుగుతుంది. పేలగానే ప్రైమర్ ముందుగా వెనక్కి పొడుచుకొస్తుంది, తర్వాత కేసు వచ్చి దాన్ని బ్రీచ్ ఫేస్‌కి అదిమి మళ్లీ కూర్చోబెడుతుంది. అలా అదిమినప్పుడు చదునైన దానికి పీడనం మీద నింద వేయడం అన్యాయం. అసలు పీడనం చూడాలంటే కేసు పొట్ట చూడండి. అడుగుకి కాస్త పైన ఒక పక్క ఉబ్బిందా, కేసు అంచు చిరిగిందా, ఎంప్టీలు మామూలు కంటే చాలా దూరం ఎగిరిపడుతున్నాయా? వీటి సాక్ష్యం ప్రైమర్ సాక్ష్యం కన్నా గట్టిది.

గుంట చుట్టూ గట్టులా అంచు లేస్తే పిన్ రంధ్రం అరిగి పెద్దదైందేమో చూడాలి. చిల్లు పడితే మాత్రం చర్చ లేదు, ఆ పిస్టల్‌తో ఇంకో తూటా కాల్చకూడదు. ఆ చిల్లు గుండా మండే గ్యాస్ వెనక్కి చిమ్ముతుంది. అది పిన్ మొననీ బ్రీచ్ ఫేస్‌నీ కొరికేస్తుంది. ఒకసారి అక్కడ గుంటలు పడ్డాయంటే తర్వాత కాల్చే ప్రతి ప్రైమర్ మీదా ఆ మచ్చలు అచ్చవుతాయి. కొరుక్కుపోయిన మొన పదునెక్కి మళ్లీ చిల్లు చేస్తుంది. పిన్ మార్చకుండా తూటాల్ని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ చక్రం ఆగదు.

7. మెరుపు వేరు, దెబ్బ వేరు

నల్లరంగు పోయి ఉక్కు మెరుస్తుంటే అది అరుగుదల కాదు, రాపిడి. బ్యారెల్ మూతి దగ్గర నెలవంకలా, చాంబర్ పైభాగాన పట్టీలా, స్లైడ్ జారే పట్టాల మీద గీతలుగా మెరుపు రావాల్సిందే. గోటితో రాస్తే నున్నగా ఉంటే ఆ పిస్టల్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

గోరు తగిలి ఆగితే అప్పుడు ఆలోచించండి. లోహం దెబ్బలు తిని పక్కకు పొర్లిందని అర్థం. స్లైడ్‌స్టాప్ గాడి మూల, 1ఏ బ్యారెల్ మీద తాళం పడే గట్ల అంచులు, ఎంప్టీ బయటికొచ్చే కిటికీ మూలలు, ఈ మూడు చోట్లా నా చూపు ముందు పడుతుంది. గట్ల మూలలు గుండ్రమైపోయిన పిస్టల్‌ని పక్కన పెట్టించడానికి నేను వెనకాడలేదు, ఎవరు ఎంత విసుక్కున్నా సరే. ఈ దెబ్బలన్నిటికీ తల్లి రికాయిల్ స్ప్రింగ్. కొత్తదాని పక్కన పాతది నిలబెడితే ఎంత కుంగిందో తెలుస్తుంది. ఐదు నిమిషాల్లో మార్చగలిగే ఆ చిన్న స్ప్రింగ్‌ని ఏళ్ల తరబడి మార్చక, స్లైడ్‌నే పోగొట్టుకున్న యూనిట్లు ఉన్నాయి.

పగులు అనుమానం వస్తే పాత వర్క్‌షాపు పద్ధతి ఒకటుంది. ఆ చోట కిరసనాయిలు రాసి కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి పలచగా అద్దండి. పగులుంటే లోపల దాక్కున్న కిరసనాయిలు మెల్లగా ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత గీస్తుంది. భూతద్దానికి కనిపించనిది దీనికి చిక్కుతుంది.

8. డ్యూటీ తూటా ముసలిదవుతుంది

రోజూ డ్యూటీ ఎక్కేటప్పుడు లోడ్ చేసి, దిగేటప్పుడు ఖాళీ చేస్తారు. బయటికొచ్చిన తూటాని మళ్లీ మ్యాగజైన్ పైనే పెడతారు. అంటే ప్రతిరోజూ అదే తూటా చాంబర్ మెట్టుకి గుద్దుకుంటుంది. దాని అడుగు అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ గాట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. దాన్ని కొత్త తూటా పక్కన బల్ల మీద నిలబెట్టండి. గుండు కేసులోకి దిగిపోయి పొట్టిగా కనిపిస్తే అది కాల్చదగ్గది కాదు. లోపల ఖాళీ తగ్గితే పీడనం అనుకోని ఎత్తుకి లేస్తుంది. 9 ఎంఎం తూటా మొత్తం పొడవు ఎక్కువలో ఎక్కువ 29.69 మిల్లీమీటర్లు. వెర్నియర్ ఉంటే కొలవండి, లేకపోతే కొత్త తూటాయే మీ కొలబద్ద. పైతూటాని రోజూ కిందికి మార్చడం ఒక్కటే దీనికి మందు.

తోలు పౌచ్‌లో వానాకాలమంతా ఉన్న తూటాలకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. దాన్ని చింతపండు పెట్టి తోమి, బంగారంలా మెరిపించి ఇన్‌స్పెక్షన్‌లో చూపించినవాళ్లు ఉన్నారు. ఇంట్లో ఇత్తడి బిందెకి పనికొచ్చే వైద్యం తూటాకి పనికిరాదు. పులుపు ఇత్తడిని తింటుంది, తడి ప్రైమర్ అంచు గుండా లోపలికి దిగుతుంది. పొడిగుడ్డతో తుడిచి, చిలుము పోనిదాన్ని పక్కన పెట్టండి. తూటాలూ పిస్టలూ తోలులో నిల్వ ఉంచకండి.

9. లైసెన్సు .32ల గురించి ఒక మాట

ఎన్నికలొస్తే ఊళ్లలోని లైసెన్సు తుపాకులు స్టేషన్లలో డిపాజిట్ అవుతాయి. అశని లాంటి .32 పిస్టళ్లు అప్పుడే మా కంట పడేవి. వీటిలో బ్యారెల్ కదలదు, తాళం పడదు. స్లైడ్ బరువూ స్ప్రింగూ కలిసి తూటాని ఆపుతాయి. కాబట్టి ఐదో పాఠంలోని గీత వీటికి వర్తించదు. కానీ .32 తూటా అడుగు అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందితూటా అంచుకి వెనక పడితే రెండూ చిక్కుకుంటాయి. స్లైడ్ ఎంత లాగినా పైతూటా కదలకపోతే పిస్టల్‌ని తిట్టకండి, మ్యాగజైన్ తీసి మళ్లీ సరిగ్గా నింపండి.

10. రిజిస్టర్ రాయండి

మనం మరమ్మతు కోసం చూసే గుర్తులనే ఫోరెన్సిక్ వాళ్లు నేరం కోసం చూస్తారు. 1925లో న్యూయార్క్‌లో కాల్విన్ గొడార్డ్ బృందం రెండు తూటాలను ఒకే చూపులో పోల్చే మైక్రోస్కోపును వాడుకలోకి తెచ్చింది. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని కాల్చి చంపారు. హంతకుల్లో కొందరు పోలీసు యూనిఫాంలో రావడంతో అనుమానం పోలీసుల మీదికి మళ్లింది. గొడార్డ్ పోలీసుల థాంప్సన్ గన్నులను కాల్చి చూసి, అక్కడ దొరికిన సాక్ష్యంతో పోల్చి, అవి కావని తేల్చాడు. ఎంప్టీ నిందని మోపగలదు, మోసిన వాణ్ణి విడిపించనూగలదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో జరిగే పోలికకీ పునాది ఇదే.

అందుకే ఏ ఘటనలోనైనా కాల్చిన పిస్టల్‌ని స్వాధీనం చేసుకునేదాకా తుడవకూడదు, పార్టు మార్చకూడదు. మామూలు రోజుల్లో పిన్ గానీ, ఎక్స్‌ట్రాక్టర్ గానీ మారిస్తే ఆ పిస్టల్ వేసే గుర్తు ఆ రోజు నుంచి మారిపోతుంది. తేదీ, పిస్టల్ నంబరు, తీసిన పార్టు, వేసిన పార్టు, సంతకం, ఇవన్నీ అదే రోజు రాసేయాలి. రేపు కోర్టులో పాత గుర్తు, కొత్త గుర్తు కలవకపోతే జవాబు చెప్పేది ఆ పేజీయే.

రేంజ్ ఇన్‌చార్జులకు ఒక విన్నపం. ఎంప్టీలు లెక్కతేలాక, కట్టి పంపే ముందు ఒక పది నిమిషాలు వాటిని మీ ఆర్మరర్‌ని చూడనివ్వండి. అతని చేతిలో పది రెట్లు పెద్దది చేసి చూపే ఒక భూతద్దం కూడా పెట్టండి.